అనిబద్ధమునకు గల బంధము: సంగీతరత్నాకరమునందలి ఆలప్తిప్రకరణ పరిశీలనము

ప్రాచ్యకళాశాలలలో సంగీతరత్నాకరము పేరు తలపని అధ్యాపకుడుండడు. అందలి ప్రకీర్ణకాధ్యాయమును పంక్తి పంక్తిగా పాఠము చెప్పిన అధ్యాపకుడు మాత్రము అరుదు. రసవిచారము కావలసినప్పుడు కడపటిదగు నర్తనాధ్యాయమును తీయుదుము. ఛందోవిషయము కావలసినప్పుడు ప్రబంధాధ్యాయమును తిరుగవేయుదుము. మూడవదగు ప్రకీర్ణకము గాయకుల సొత్తని మనము విడిచిపెట్టితిమి. అది సంస్కృతము గనుక పండితుల సొత్తని గాయకులు విడిచిపెట్టిరి. ఇరుపక్షములవారును ఒండొరులకు చూపిన ఈ మర్యాదవలన నష్టపోయినది ఆ అధ్యాయమునందలి ఆలప్తిప్రకరణము.

రాగాలాపన, తానము, నెరవు, స్వరకల్పన అనువానిని నేడు మనోధర్మసంగీతమని వ్యవహరించుచున్నారు. ముందుగా కూర్చి పెట్టుకొనక, సభలో అప్పటికప్పుడు కల్పించి పాడునది ఇది. దీనినిగూర్చి రెండు మాటలు తరచుగా వినవచ్చుచుండును. కృతులకు కట్టుబాటు కలదు, మనోధర్మమునకు లేదు, శాస్త్రమే దానిని అనిబద్ధమన్నది అనుట మొదటిది. కట్టుబాటు లేనిదానిని నేర్పుట పొసగదు, అది పుట్టుకతోనే రావలెను అనుట రెండవది. కొన్నియేండ్లక్రిందట ఒక గోష్ఠిలో ఒక సంస్కృతవిద్వాంసుడే మొదటి మాటను హేతువుగా నిలిపి రెండవ మాటను నిగమనముగా తేల్చెను. సభలోని సంగీతాధ్యాపకులు కొందరు తలలూపిరి. వారి సంతోషమునకు కారణము లేకపోలేదు. నేర్పవలసిన భారము శాస్త్రము పేరిట తీరిపోయినది! ఆనాడు నేను వెనుకవరుసలో కూర్చుండి ఏమియు ననలేదు. అనవలసినది ఇప్పుడు వ్రాయుచున్నాను.

శార్ఙ్గదేవుడు పదుమూడవ శతాబ్దమువాడు. దేవగిరి యాదవప్రభువగు సింఘణుని (1210–1247) కొలువున శ్రీకరణాధికారి, అనగా రాజ్యపు లెక్కలు చూచువాడు. ఆ వృత్తి అలవాటు గ్రంథమున అడుగడుగునను కనిపించును. ఏ విషయమునైనను ఇన్ని భేదములని లెక్కించి, మొత్తము తేల్చినగాని విడువడు. ఆతని గ్రంథమునకు గల వ్యాఖ్యలలో రెండు ముఖ్యములు. ఒకటి పదునాలుగవ శతాబ్దమున మన రాచకొండ నేలిన రేచర్ల వెలమప్రభువు సింహభూపాలుని సుధాకరము. రసార్ణవసుధాకరకర్తగా మనమెరిగిన సింహభూపాలుడితడే. మరియొకటి పదునైదవ శతాబ్దమున విజయనగరమునందు వెలసిన కల్లినాథుని కళానిధి. ఈ రెంటితో గూడిన అడయారు ముద్రణము మన కళాశాలల గ్రంథాలయములలో దొరకుచునే యున్నది. దాని మూడవ అధ్యాయపు పుటలు కొన్నిచోట్ల ఇంకను కత్తిరింపబడక అంటుకొనియే యుండుటను నేను చూచితిని.

ముందుగా 'అనిబద్ధ' శబ్దము. ప్రబంధాధ్యాయారంభమున గ్రంథకర్త గానమును నిబద్ధము, అనిబద్ధము అని రెండుగా విభజించెను. ధాతువులచేతను అంగములచేతను కట్టబడినది నిబద్ధము. అట్టి బంధము లేనందున ఆలప్తి అనిబద్ధము. ధాతువులనగా ఉద్గ్రాహము, మేలాపకము, ధ్రువము, ఆభోగము అను ప్రబంధభాగములు. అంగములనగా స్వరము, బిరుదము, పదము, తేనకము, పాటము, తాళము అను ఆరు. ఇచట నఞర్థమేమి? నఞ్‌సమాసమున తద్భిన్నమై తత్సదృశమగు వస్తువు బోధింపబడుననుట వైయ్యాకరణులకు తెలిసినదే. అనశ్వమును తెమ్మన్నచో కంచరగాడిదనో గాడిదనో తెచ్చెదరుగాని మట్టిబెడ్డను తేరు. ఆ రీతిని అనిబద్ధమనగా నిబద్ధముకంటె వేరైనదియు నిబద్ధమువంటిదియు అని చెప్పవచ్చును.

దీనిపై పూర్వపక్షి ఊరకుండడు. గ్రంథకర్త తానే బంధహీనతను హేతువుగా చెప్పినాడు గనుక ఇచట నఞర్థము అభావమే, సాదృశ్యము కాదు అనును. ఒప్పుకొందము. అభావమే యగుగాక. ఆ అభావమునకు ప్రతియోగి ఏది? తర్కసంగ్రహము చదువు విద్యార్థి సైతము ప్రతియోగి తెలియక అభావము తెలియదని చెప్పును. ఇచట ప్రతియోగి ధాతువులతోను అంగములతోను కూడిన బంధము, అంతమాత్రమే. భూతలమున ఘటము లేదన్న మాత్రమున పటమును లేదని తేలదు. ధాత్వంగబంధము లేదన్న మాత్రమున ఆలప్తికి ఏ బంధమును లేదని తేలదు. సభలో ఆ విద్వాంసుడు చేసినది ఈ అతివ్యాప్తియే.

ఏ బంధము కలదో ఆ గ్రంథమే చెప్పుచున్నది. రాగవివేకాధ్యాయమున ఆలాపమును నిర్వచించునపుడు గ్రహము, అంశము, మంద్రము, తారము, న్యాసము, అపన్యాసము, అల్పత్వము, బహుత్వము, షాడవము, ఔడవము అను పదియు వ్యక్తము కావలెనని శార్ఙ్గదేవుడు విధించెను. ఈ పదియు ఆతడు కొత్తగా కల్పించినవి కావు. భరతుడు నాట్యశాస్త్రమున జాతులకు చెప్పిన లక్షణములు. ఎచట మొదలిడవలెను, ఏ స్వరము ప్రాణము, ఎంత క్రిందికి దిగవచ్చును, ఎంత పైకి ఎక్కవచ్చును, ఎచట విశ్రమింపవలెను, ఏ స్వరమును అంటీ అంటనట్లు తాకవలెను, దేనిని పదే పదే పలుకవలెను, దేనిని పూర్తిగా విడువవలెను అను నియమములివి. తాళము లేదు, సాహిత్యము లేదు, భాగములు లేవు. ఇన్ని నియమములు మాత్రము కలవు. అవధానములందు నిషిద్ధాక్షరిని చూచిన తెలుగువారికి ఇందు వింత తోపదు. పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరమును నిషేధించుకొలది అవధాని బుద్ధి ఎచట తిరుగుచున్నదో సభకు మరింత స్పష్టముగా కనిపించును. రాగమునందు వర్జ్యస్వరము చేయు పనియు అట్టిదే.

ఇక ప్రకీర్ణకమునందలి ఆలప్తి. ఆలప్తి యనగా రాగమును ప్రకటము చేయుట. అది రాగాలప్తి, రూపకాలప్తి అని రెండు విధములు. రూపకమనగా ఇచట రచన, పాట. రచన నాశ్రయింపక రాగమును మాత్రము విస్తరించునది రాగాలప్తి. దానికి నాలుగు స్వస్థానములు. రాగము ఏ స్వరముమీద నిలుపబడునో అది స్థాయి. దానికి నాల్గవ స్వరము ద్వ్యర్ధము. ఎనిమిదవది ద్విగుణము. ద్వ్యర్ధ ద్విగుణముల నడుమనున్నవి అర్ధస్థితములు. ద్వ్యర్ధమునకు దిగువ స్వరములందు సంచరించుట ముఖచాలమను మొదటి స్వస్థానము. ద్వ్యర్ధమువద్ద సంచరించి మరలి స్థాయియందు న్యాసము చేయుట రెండవది. అర్ధస్థితములందు తిరిగి మరలుట మూడవది. ద్విగుణమందు తిరిగి మరలుట నాల్గవది.

ఇచట నా పొరపాటొకటి చెప్పవలసియున్నది. చాలయేండ్లు నేను ఈ భాగమును నల్లబల్లపై 'స' నుండి 'స' వరకు గీతగీసి చెప్పుచుంటిని. స్థాయి షడ్జము, ద్వ్యర్ధము మధ్యమము, ద్విగుణము తారషడ్జము. విద్యార్థులట్లే వ్రాసి ఉత్తీర్ణులగుచుండిరి. మా వీధిలో వృద్ధురాలగు ఒక వైణికురాలుండెడివారు. ఒకనాడు వారింటి అరుగుమీద ఈ ప్రస్తావన వచ్చినప్పుడు నా గీతను వినిపించితిని. ఆమె నవ్వి, "శాస్త్రిగారూ, మీ స్థాయి ఎప్పుడూ షడ్జం మీదనే కూచుంటుందా? నా దగ్గర కొన్ని రాగాలు గాంధారం మీద కూచుంటాయి, కొన్ని నిషాదం మీద" అనిరి. ఇంటికివచ్చి గ్రంథము తీసి చూచితిని. మూలమున షడ్జమన్న మాట లేదు. ఏ స్వరమున రాగము స్థాపింపబడునో అది స్థాయి అనియే యున్నది. గాంధారము స్థాయియైనచో ద్వ్యర్ధము ధైవతము. నిషాదము స్థాయియైనచో ద్వ్యర్ధము పైనున్న గాంధారము. ప్రతి రాగమునకును నిచ్చెన వేరు. నేను చూడక విడిచినది కఠినమగు సమాసము కాదు. 'యత్ర' అను ఒక సులభమగు అవ్యయము!

ఐతే ఆమె మాటను పట్టుకొని నేటి ఆలాపనకు రత్నాకరమును యథాతథముగా అన్వయించుటయు సరికాదు. శార్ఙ్గదేవుని నాటి గ్రామమూర్ఛనాపద్ధతి వేరు. పదునారవ శతాబ్దమున, 1550లో, రామామాత్యుడు స్వరమేళకళానిధి రచించునాటికి మేళపద్ధతి స్థిరపడుచున్నది. నేడు తంబురాపై షడ్జపంచమములు ఎడతెగక మ్రోగుచుండును. అందుచేత గాయకుడు శంకరాభరణమును విస్తరించునపుడు నాల్గవ స్వరమగు మధ్యమముకంటె పంచమమువద్ద ఎక్కువగా నిలుచును. గాంధారమువద్ద కొంతసేపు, పంచమమువద్ద కొంతసేపు, పిమ్మట తారషడ్జమువద్ద చిరకాలము నిలిచి, తుదకు దిగివచ్చి ముగించును. మెట్టు మారినది, మెట్లుండుట మారలేదు. ఒకేమారు శిఖరమునకు ఎగిరి అన్నియు ఒలకబోయక, కొంత చూపి, వెనుకకు వచ్చి, మరికొంత చూపుట అను క్రమము నిలిచియే యున్నది.

ఈ స్వస్థానములకు కాలపరిమాణమును శార్ఙ్గదేవుడు చెప్పలేదు. లెక్కలధికారి చెప్పక విడిచిన లెక్క ఇది. కనుక నాలుగు స్వస్థానములను ఒక గంట పాడవచ్చును, మూడు నిమిషములును పాడవచ్చును. పాత గ్రామఫోను పళ్లెము ఒక ప్రక్క ఇంచుమించు మూడు నాలుగు నిమిషములకే నిండిపోయెడిది. ఆ ఇరుకున రాగమును పూర్తిగా నిలిపిన విద్వాంసులుండిరి. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమునుండి వచ్చిన కచేరీలను నేను బాల్యమున పాఠశాల ప్రక్కనున్న పంచాయతీ రేడియోలో వినుచుంటిని. కీర్తనకు ముందు రెండు నిమిషముల ఆలాపనయందే రాగమేదో మా వంటబ్రాహ్మణుడు సైతము పేరుతో చెప్పెడివాడు. నిడివి మనోధర్మమునకు కొలతగాదని ఆయన ఎరుగును. కొందరు నేటి విమర్శకులెరుగరు.

ఇంత చిన్న కాలమున రాగమును నిలుపుట ఎట్లు సాధ్యమయ్యెను? దానికి సమాధానము స్థాయశబ్దమున కలదు. పైనచెప్పిన స్థాయి వేరు, ఇది వేరు. స్థాయమనగా రాగముయొక్క అవయవము, గుర్తింపదగిన చిన్న సంచారము. అల్పాల్పములై, ప్రసన్నములై, పెక్కు భంగులు గలవై, జీవస్వరము అంతటను వ్యాపించియుండు స్థాయములచేత రాగస్థాపన జరుగునని శార్ఙ్గదేవుని ఆశయము. ఈ స్థాయములకే ఆతడు తొంబదియారు భేదములు చెప్పెను. ఆ పట్టిక చూచి మనము భయపడి పుట త్రిప్పివేయుదుము. నా మనవి ఏమనగా, ఈ పుట త్రిప్పుటలోనే మనోధర్మము నేర్పరానిదన్న అపోహ పుట్టినది. ఏలయన నేర్పదగినది ఇదియే.

పాఠశాలలో చదివినవారికి ఇందుకు దగ్గరి దృష్టాంతమొకటి కలదు. తర్కవ్యాకరణములందు వాక్యార్థసభకు సిద్ధపడువాడు క్రోడపత్రములను అభ్యసించును. ఒక్కొక్క పంక్తిపై ఏ శంక రాగలదు, దానికి పరిష్కారమేది, దానిపై మరల ఏ దోషము అను విషయములు అందు వ్రాయబడియుండును. అవి కంఠస్థము చేయక సభకు పోరాదు. కాని సభలో వానిని వరుసగా అప్పగించుటయు పనికిరాదు. నాకు పదునెనిమిదవయేట మొదటి సభలో ఎదుటి విద్వాంసుడు నేను సిద్ధపడిన శంకను విడిచి ప్రక్కదారిని వేరొకదానిని అడిగెను. నేను తడుముకొనక నా పత్రములోనిదే గడగడ చదివితిని. ప్రక్కనున్న గురువుగారు నా తొడమీద గట్టిగా గిచ్చి, "ఆయన అడిగింది విన్నావురా?" అనిరి. ఆ పిమ్మట రెండేండ్లకు, అవే పత్రములలోని మూడు ముక్కలను వేరువేరు చోట్లనుండి తీసి, అక్కడికక్కడ కలిపి, నేనెన్నడును వ్రాసికొనని వాక్యమొకటి చెప్పగలిగితిని. ఆ వాక్యము నాదా, క్రోడపత్రమునదా? రెండును. స్థాయములు గాయకుని క్రోడపత్రములు. వేదమున క్రమజటాఘనపాఠములందును పదములు ముందువెనుకలుగా కలియును గాని, అచట ఏ పదము ఎప్పుడు మరలవలెనో ఆదినుండియే నిర్ణీతము. పాఠకుని ఇచ్ఛకు తావులేదు, ఉండరాదు కూడ. ఆలప్తియందు ముక్కలు నిర్ణీతములు, కూర్పు అనిర్ణీతము. ఈ భేదమును విద్యార్థులకు చెప్పుటకు మన పాఠశాలలకంటె తగినచోటు లేదు.

పుట్టుకతో రావలెనన్న వాదమునకు గ్రంథమున ఆధారము లేదా యనిన, ఉన్నట్లు తోచుమాట ఒకటి కలదు. అది శారీరలక్షణము. అభ్యాసము లేకున్నను రాగమును అభివ్యక్తము చేయగల ధ్వనిశక్తి శారీరము. శరీరముతోనే పుట్టునది గనుక ఆ పేరు. మన సభాపండితుడు దీనిని ఉదాహరింపలేదు గాని, ఉదాహరించియుండిన పక్షమున ఆతని వాదమునకు కొంత బలము చేకూరెడిది. అప్పుడును అది నిలువదు. గాయకలక్షణములను చెప్పుచు శార్ఙ్గదేవుడు సుశారీరము గలవాడనుట ఒక విశేషణముగాను, వివిధాలప్తుల తత్త్వమెరిగినవాడనుట వేరొక విశేషణముగాను పెట్టెను. మంచి సంప్రదాయము గలవాడనుటను మరల ప్రత్యేకముగా చెప్పెను. శారీరమువలననే ఆలప్తి సిద్ధించునేని తక్కిన రెండును వ్యర్థములగును. పుట్టుకతో వచ్చునది కంఠము. తత్త్వము తెలియుట సంప్రదాయమువలన వచ్చునది. సుశారీరము సైతము విద్యాదానము, తపస్సు, శివభక్తి, భాగ్యము మున్నగువానివలన లభించునని ఆతడే చెప్పెను. నలుబదియేండ్లు విద్యాదానము చేసిన నాకింకను లభింపలేదు. వచ్చు జన్మమునకు జమ కట్టబడియుండును.

ఇదే వివాదము కావ్యహేతువిచారమున మనకు చిరపరిచితము. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము మూడును కలిసియే హేతువనెను. తెలుగువాడగు జగన్నాథపండితరాయలు ప్రతిభయొక్కటియే హేతువని రసగంగాధరమున వాదించెను. అది విని మనవారు పలువురు పండితరాయలను పుట్టుకవాదుల పక్షమున చేర్చుదురు. తరువాతి వాక్యము చదువరు. ఆ ప్రతిభకు హేతువు కొందరియందు దేవతామహాపురుషప్రసాదాదులవలన కలిగిన అదృష్టము, కొందరియందు విలక్షణములగు వ్యుత్పత్త్యభ్యాసములు అని ఆతడు స్పష్టముగా చెప్పెను. అనగా ప్రతిభయే చదువువలన పుట్టవచ్చును. ఆశుకవిత్వమునకు సమ్మతమైన ఈ మాట ఆశుగానమునకు ఏల కాకూడదు?

చదువువలన వచ్చినచో అందరి పాట ఒకేరీతి నుండదా అను శంకకు కూడ ప్రకీర్ణకమే సమాధానము. ఛాయాస్థాయమును వివరించుచు శార్ఙ్గదేవుడు ఆరు కాకువులను చెప్పెను. స్వరకాకువు, రాగకాకువు, అన్యరాగకాకువు, దేశకాకువు, క్షేత్రకాకువు, యంత్రకాకువు. ఒక రాగమున వేరొక రాగపు నీడ పడుట అన్యరాగకాకువు. ప్రాంతమునుబట్టి కలుగు ఛాయ దేశకాకువు. వీణ మొదలగు యంత్రమునుబట్టి కలుగునది యంత్రకాకువు. క్షేత్రమనగా శరీరము, పాడువాని దేహమునుబట్టి రాగమునకు కలుగు విలక్షణచ్ఛాయ క్షేత్రకాకువు. ఏడువందల యేండ్లకు పూర్వమే ఒక శాస్త్రకారుడు, ఒకే రాగము ఒక్కొక్కని ఒంటిలో ఒక్కొక్క ఛాయ నొందుననియు అది దోషముకాక రాగభూషణమనియు గుర్తించి దానికొక పేరుపెట్టెను. గాయకులను శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావుకుడు అని ఐదుగురినిగా విభజించినప్పుడు సైతము, ఇతరుల భంగి ననుసరించు అనుకారుని ఆతడు గాయకపంక్తినుండి వెలివేయలేదు.

తంజావూరు శరభోజీ ఆస్థానమునందలి తోడి సీతారామయ్యను గూర్చిన కథ సంగీతలోకమున ప్రసిద్ధము. ఆయన ధనము కావలసివచ్చి తోడిరాగమునే ఒక వర్తకునివద్ద తాకట్టు పెట్టెననియు, రాజు తోడి పాడుమన్నపుడు తాకట్టు విడిపించినగాని పాడలేననియు, రాజే సొమ్మిచ్చి విడిపించెననియు చెప్పుదురు. కథయొక్క చారిత్రకత ఎట్లున్నను, అందలి న్యాయము ఆలోచింపదగినది. తోడి లోకమునకంతటికిని సామాన్యము. ఎవడును దానిని కుదువ పెట్టజాలడు. ఆయన కుదువపెట్టినది తన దేహమున తోడి పొందిన ఛాయ. ఆ వర్తకుడు అప్పు ఇచ్చినది క్షేత్రకాకువుమీద.

రూపకాలప్తిని గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఆలప్తిస్థాయమును పాడి పిమ్మట రచనలోని భాగమును మరల అందుకొనుట ప్రతిగ్రహణిక. రచనలోని ఒక స్థాయమునే దాని పదములను, కాలప్రమాణమును చెడనీయక నానావిధములుగా పాడుట స్థాయభంజని. రచననంతయు అట్లు పాడుట రూపకభంజని. స్వరకల్పనచేసి పల్లవి ఎత్తుగడను అందుకొను నేటి గాయకునియందు ప్రతిగ్రహణికను, నెరవునందు స్థాయభంజనిని పోల్చుకొనవచ్చును. రెండును ఒకటే యని మాత్రము నేను చెప్పను. ఏడువందల యేండ్లకు మించిన ఎడమున రూపకమే మారిపోయినది. మన నాటకపద్యము ఈ విభాగమున ఎచట చేరునో నాకు చాలకాలము సందేహముగా నుండెను. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమున రాయబారపుపద్యములను రాగవిస్తారముతో పాడు నటులను నా తరమువారందరును వినియుందురు. అచట పదము నిబద్ధము, ఛందస్సు నిబద్ధము, తాళము అనిబద్ధము. నిబద్ధానిబద్ధములు రెండు గదులు కావనియు, ఒక బంధము సడలినచోట మరియొకటి బిగియుననియు ఆ పద్యమువలన తెలియవచ్చును. పద్యము ముగిసినపిమ్మట పాదమునకు సంబంధములేని రాగమును ఊపిరి ఆగువరకు సాగదీసి చప్పట్లు తీసికొనువారిని కూడ వింటిని. వారియందు భంజని కలదు, ప్రతిగ్రహణిక లేదు.

రత్నాకరము తరువాతి కథ తంజావూరిది, అందుచేత సగము తెలుగువారిది. పదునేడవ శతాబ్దమున నాయకరాజుల కొలువున వెలసిన సంగీతసుధ ఏబది రాగములకు ఆలాపక్రమమును వివరించెను. వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో గీతము, ప్రబంధము, ఠాయము, ఆలాపము అను నాలుగును దండులు. స్థాయమే ఇచట ఠాయమైనది. రాగమునకు తగిన ఒక స్వరమును స్థాయిగా గ్రహించి, దానికి పైనున్న స్వరములలో తానములు పాడుచు ఎక్కి, అట్లే దిగి, ముక్తాయితో ముగించుట దాని పద్ధతి. పరిశోధకులు ఇచట ఒక జాగ్రత్త వహింపవలెను. రత్నాకరమున ఆక్షిప్తిక యనగా స్వరపదములతో తాళమున కూర్చిన రచన. వేంకటమఖి గ్రంథమున ఆక్షిప్తిక యనగా ఆలాపముయొక్క ప్రారంభభాగము. శబ్దమొకటే, అర్థము ఇంచుమించు విపరీతమైనది. మొదటిదాని లక్షణమును రెండవదానికి అతికించిన వ్యాసములను నేను పరీక్షకుడనై దిద్దియుంటిని.

శాహజీ (1684–1712) నాటి రాగలక్షణము, తుళజాజీ సంగీతసారామృతము, సరస్వతీమహల్ గ్రంథాలయమున తెలుగులిపిలోనున్న ఠాయాదుల తాళపత్రములు, తుదకు 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో అచ్చైన సుబ్బరామదీక్షితుల సంగీతసంప్రదాయప్రదర్శినిలోని సంచారులు, ఇవన్నియు ఒకే పనికై పుట్టినవని నా తలంపు. ఆలాపము వ్రాయబడినచో అది మనోధర్మమెట్లగునని వీనిని చూచి నవ్వువారు కలరు. క్రోడపత్రము వ్రాయబడినంతమాత్రమున వాక్యార్థము నిలిచిపోలేదు. ఇవి సభలో పాడుటకు వ్రాసినవి కావు. సభకు ముందు అభ్యసించుటకు వ్రాసినవి. గీతములు, కీర్తనలు పాఠ్యప్రణాళికలలో నిలిచినవి, ఠాయము జారిపోయినది. రాగలక్షణపత్రమున నాలుగు స్వస్థానములను తప్పులేక వ్రాసిన విద్యార్థినిని ప్రయోగపరీక్షలో ఒక్క ముఖచాలము పాడుమన్నచో బిత్తరపోయి గురువుముఖము చూచుట నేనెరుగుదును. తప్పు ఆ బాలికది కాదు.

ఈ తాళపత్రములలో స్వరాక్షరములే గాని గమకచిహ్నములు సామాన్యముగా నుండవు. సంస్కృతపండితుడు ఒంటరిగా చదివినచో అక్షరములు వచ్చును, రాగము రాదు. గాయకుడు ఒంటరిగా చూచినచో ప్రాచీనలిపియు లేఖకదోషములును అడ్డువచ్చును. కనుక మా వీధి వైణికురాలును నేనును ఒక ఏర్పాటు చేసికొంటిమి. సంప్రదాయప్రదర్శిని అచ్చుగ్రంథముతోనే మొదలిడితిమి. నేను సంచారిని చదువుచు, ఒక న్యాసమునుండి మరియొక న్యాసమువరకు పెన్సిలుతో గీత గీయుదును. ఆమె ఆ ముక్కను మూడుమారులు ఉన్నదున్నట్లు వాయించి, నాల్గవమారు పుస్తకము మూసి, దానినే మరియొక భంగిగా వాయించెడివారు. ఆ భంగి రాగమునకు సమ్మతమా కాదా యని నేను పది లక్షణములను ముందుంచుకొని వాదించెడివాడను; పెక్కుమారులు ఓడిపోయితిని. జనతోడి సంచారి సగమైనప్పుడు ఆమె గతించిరి. వారి మనుమరాలు ఆ వీణనే వాయించుచు ఆదివారములందు వచ్చుచున్నది. ప్రస్తుతము గాంధారమువద్ద ఒక గీత విషయమున మా ఇరువురకు సమ్మతి కుదరలేదు. అది న్యాసమని నేను, ఊపిరి తీసికొనుట మాత్రమే యని ఆమె.